సేవ చేసేవారికి సేవ ఎవరు చేస్తారు?



ఈ సంచికలో ఆరోగ్య పాఠం రోగుల గురించి కాదు. రోగుల పక్కన, వృద్ధుల పక్కన, తల్లిదండ్రులు లేని పిల్లల పక్కన రోజంతా నిలబడేవారి గురించి. ముందుగా నా తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను.

1996లో నేను వేరొక ఊళ్లో, వృద్ధుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వరుసగా అది ఆరో రాత్రి డ్యూటీ. 28 మంచాలు. నాతో ఉండవలసిన ఆయాకు జ్వరం వచ్చి ఆ రాత్రి రాలేదు. పక్షవాతంతో ఉన్న ఒక మామ్మగారు తెల్లవారుజామున మూడు గంటలకు "అమ్మా, కాసిని మంచినీళ్లు" అని అడిగారు. అప్పటికి నాలుగోసారి. "ఇప్పుడేగా ఇచ్చాను, నీకోసం ఎన్నిసార్లు లేవాలి?" అని అరిచాను. రోజూ మీరు అని పిలిచే మనిషిని ఆ క్షణాన నువ్వు అనేశాను. ఆమె ఏమీ అనలేదు. మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆ తర్వాత నా డ్యూటీలో ఆమె నీళ్లు అడగలేదు. పెదవులు ఎండిపోయినా అడగలేదు. నేనే గ్లాసు తీసుకువెళితే నా వైపు చూడకుండా తాగేవారు. పది రోజులకు కొడుకు వచ్చి ఇంటికి తీసుకువెళ్లాడు. క్షమించమని అడగడానికి నాకు ఆ పది రోజులూ చాలలేదు.

చాలా ఏళ్లు దీన్ని కేవలం నా స్వభావ లోపం అనుకున్నాను. కొంత లోపం ఉంది, కాదనను. కానీ ఆరు రాత్రులు, 28 మంచాలు, ఒక్క మనిషి. ఆ డ్యూటీ చార్టు రాసిన చేతికి కూడా నా నోటి నుండి వచ్చిన మాటలో వాటా ఉంది. ఇప్పుడు చార్టు రాసే కుర్చీలో నేనే కూర్చుంటున్నాను కాబట్టి ఈ సంగతి తేలికగా అనడం లేదు.

ఎవరి గురించి ఈ పాఠం?

ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, వృద్ధాశ్రమాలలో ఒళ్లు తుడిచి అన్నం తినిపించేవారు, హాస్టల్ వార్డెన్లు, మంచం పట్టినవారిని ఇళ్లకు వెళ్లి చూసివచ్చేవారు. వీరిలో చాలామందికి పెద్ద చదువులు లేవు. పనిచేసేది మాత్రం మనిషి బాధకు అతి దగ్గరగా. డాక్టరుగారు రౌండ్సుకు వచ్చి వెళతారు, నేను కూడా వచ్చి వెళతాను. వాసన, మూలుగు, ఒకే ప్రశ్న వందసార్లు, ఇవన్నీ ఆయా దగ్గరే ఉండిపోతాయి.

వీరిలో వచ్చే ఒక రకమైన అలసటకు ఇంగ్లీషులో 'బర్న్ అవుట్' అని పేరు. న్యూయార్కులో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త 1974లో ఈ మాటను పరిశోధన పత్రికలకు ఎక్కించారు. ఆయన దాన్ని ఎక్కడ చూశారో గమనించండి. పెద్ద కంపెనీలలో కాదు, మత్తుమందులకు అలవాటుపడినవారికి ఉచితంగా వైద్యం చేసే చిన్న క్లినిక్కులో, అక్కడ స్వచ్ఛందంగా సేవ చేయడానికి వచ్చినవారిలో చూశారు. ఎంతో ప్రేమతో వచ్చినవారే కొన్నాళ్లకు కాలిన ఇల్లులా గోడలు మాత్రం మిగిలి, లోపల ఖాళీ అయిపోవడం చూసి రాశారు. అంటే ఈ జబ్బు పని దొంగలది కాదు. పనిని ప్రేమించినవారిదే.

జబ్బు అన్నాను గానీ ఆ మాట సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో దీన్ని వ్యాధిగా రాయలేదు. పనిచేసే చోట వచ్చే స్థితిగా రాసింది. పనిలోని ఒత్తిడిని సరిగా సర్దుబాటు చేయకపోవడం వల్ల వస్తుందని చెప్పింది. ఇది నాకు చాలా నచ్చిన సంగతి. మనం సాధారణంగా ఏం చేస్తాం? అలసిపోయిన మనిషిని పిలిచి "మనసు గట్టి చేసుకో" అంటాం. నేనే ఎన్నో మీటింగుల్లో అన్నాను. ఓర్పు గురించి అరగంట మాట్లాడి, తర్వాత అదే మనిషికి మళ్లీ డబుల్ డ్యూటీ వేశాను. మన ఊళ్లలో తలమీద గంప మోసే స్త్రీలను చూడండి. ఎంత బలమైన మనిషి అయినా గంప ఎత్తుకోవడానికి, దించుకోవడానికి ఇంకొకరి చెయ్యి అడుగుతుంది. తలమీద చుట్టకుదురు పెట్టుకుంటుంది. మెడ బలం గురించి ఆమెకు ఎవరూ ప్రసంగాలు చేయరు.

గుర్తుపట్టడం ఎలా?

కాలిఫోర్నియాలో క్రిస్టినా మాస్లాక్ అనే ఆచార్యురాలు ఈ విషయాన్ని చాలాకాలం పరిశీలించి మూడు లక్షణాలు చెప్పారు. మొదటిది అలసట, నిద్రపోయినా తీరని అలసట. మూడోది, నేను చేసేది ఏమీ ప్రయోజనం లేదు అనే భావం. ఈ రెండూ ఆ మనిషే చెప్పుకుంటుంది, మనకు తెలుస్తుంది. రెండోదే మోసకారి. అది మనుషుల మీద మనసు మొద్దుబారిపోవడం. దీన్ని ఆ మనిషి చెప్పదు, ఆమెకే తెలియదు. పక్కవారు చూసి పట్టుకోవాలి. కథలు చెప్పి అన్నం తినిపించే ఆయా మాట లేకుండా స్పూను నోట్లో పెడుతూ ఉంటుంది. "వీళ్లంతా నాటకాలు" అనడం మొదలవుతుంది. తాతగారి పేరు పోయి, "ఆ మూల మంచం" అవుతుంది.

మంచం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. లండన్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుల పని తీరును పరిశీలించి ఇసబెల్ మెంజీస్ అనే ఆవిడ 1960లో ఒక నివేదిక ప్రచురించారు. అక్కడి నర్సులు రోగిని పేరుతో కాక "పదో నంబరు మంచంలో లివరు" అని పిలిచేవారట. ఒక నర్సు ఒక రోగిని పూర్తిగా చూడకుండా పనిని ముక్కలు చేసి పంచేవారు. ఇదంతా బాధకు దగ్గరగా వెళ్లకుండా ఆసుపత్రి తనకు తాను కట్టుకున్న గోడ అని ఆమె వివరించారు. గోడ వల్ల బాధ తగ్గలేదు సరికదా, పనిలో ఉండే తృప్తి కూడా పోయింది. చాలామంది విద్యార్థినులు చదువు మధ్యలోనే వదిలి వెళ్లిపోయేవారు. నేను జనరల్ నర్సింగ్ డిప్లొమా చదివిన రోజుల్లో మాకూ అదే నేర్పారు. రోగి ముందు కంటతడి కనబడకూడదు, స్క్రీను వెనక్కి వెళ్లి మొహం కడుక్కుని రావాలి. మొహం కడుక్కోవడం వరకు మంచిదే. స్క్రీను వెనక ఎవరైనా మన కోసం నిలబడి ఉన్నారా అన్నది ఎవరూ అడగలేదు.

ముందు ఒంటి సంగతి చూడండి

మనసు గురించి మాట్లాడే ముందు రక్తపరీక్ష చేయించండి. నేను నవ్వులాటకు చెప్పడం లేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. సేవచేసే మన ఆడవారు ఆ లెక్కకు బయట లేరు. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. ఎనిమిది గ్రాముల రక్తంతో మూడు మేడలు ఎక్కి దిగే మనిషికి ఓర్పు గురించి బోధించి లాభం లేదు. థైరాయిడ్, షుగరు కూడా చూడాలి. నలభై దాటి నెలసరి ఆగే సమయంలో ఉన్నవారికి నిద్ర పట్టదు, చిరాకు వస్తుంది. దాన్ని పొగరు అనుకోకండి.

ఇళ్లకు తిరిగే ఆశా కార్యకర్తలు, హోం కేర్ సిస్టర్లు పొద్దున్నుండి నీళ్లు తాగరు. ఎందుకో మగవారికి తట్టదు. దారిలో బాత్రూము ఎక్కడ ఉంటుందో తెలియదు. అందుకని తాగడమే మానేస్తారు. ఎండలో తలనొప్పి, మూత్రంలో మంట, మాటిమాటికి ఇన్ఫెక్షన్లు. వారు వెళ్లే ఇళ్లలో బాత్రూము వాడుకోనిచ్చే ఇల్లు ఒకటైనా చూసి పెట్టుకోవాలి. ఈ శ్రద్ధ సూపర్‌వైజరుది. మంచం మీది మనిషిని ఒంటరిగా లేపవద్దు, నడుముకు దెబ్బ. కింద మడత దుప్పటి వేసి ఇద్దరు చెరోవైపు పట్టుకుని జరపాలి.

ఇక నిద్ర. పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటలు కావాలి. నైట్ డ్యూటీ దిగిన ఆయా ఇంటికి వెళ్లి ఏం చేస్తుంది? పిల్లలకు క్యారేజీలు కడుతుంది, బట్టలు ఉతుకుతుంది, మధ్యాహ్నం రెండు గంటలు కునుకు తీసి మళ్లీ వంటకు లేస్తుంది. "పగలంతా ఇంట్లోనే ఉందిగా" అంటారు ఇంట్లోవారు. మా దగ్గర ఒక ఆయా అత్తగారిని, భర్తను ఆసుపత్రికి పిలిపించి, రాత్రి మేలుకున్న మనిషి మెదడు ఎలా పనిచేస్తుందో కూర్చోబెట్టి చెప్పాను. అత్తగారు అంతా విని, "అయితే పొద్దున వంట నేను చేస్తానులే అమ్మగారూ, నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదు" అంది. భర్త మాత్రం పైకప్పు చూస్తూ కూర్చున్నాడు.

చెప్పుకోలేని దుఃఖం

ఇది కాస్త నిదానంగా చదవండి. ఈ పనిలో అన్నిటికంటే బరువైనది ఇదే అని నా అనుభవం.

ఒక ఆయా ఒక తాతగారిని ఆరేళ్లు చూసింది. గడ్డం గీసింది, గోళ్లు తీసింది, మందు మింగనని మొండికేస్తే బెల్లం ముక్క ఆశపెట్టి మింగించింది. ఆయన ఒక రాత్రి పోయారు. ఉదయం బంధువులు కారులో వచ్చారు. ఏడ్చారు. అందరూ వారిని ఓదార్చారు, నేనూ ఓదార్చాను. శవాన్ని తీసుకువెళ్లాక నేను ఆయాను పిలిచి చెప్పిన మాట, "మంచం కడిగెయ్యి, పదకొండుకి కొత్త అడ్మిషన్ ఉంది." ఆమె కడిగింది. ఆ మంచం మీదికి వచ్చిన కొత్త పెద్దాయనతో నెల రోజులపాటు అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. మంచి పనిమనిషి పాడైపోయిందని నేను రిజిస్టరులో రాయబోయాను కూడా. ఆమె భార్య కాదు, కూతురు కాదు. ఆమెకు దినం లేదు, సెలవు లేదు, పలకరింపు లేదు. దుఃఖం మాత్రం ఉంది. దానికి చోటు ఇవ్వకపోతే అది మొద్దుతనంగా మారి తర్వాతి రోగి మీదికి వెళుతుంది.

ఆ తర్వాత మేము రెండు చిన్న మార్పులు చేశాం. ఖర్చు ఏమీ లేదు. ఎవరైనా పోతే ఆ మంచాన్ని ఒక రాత్రి ఖాళీగా, ఉతికిన దుప్పటి వేసి ఉంచుతాం. అత్యవసరమైతే వీలుపడదు, కానీ చాలాసార్లు వీలుపడుతుంది. రెండోది, డ్యూటీ రూములో ఒక రెండువందల పేజీల నోటుబుక్కు. పోయినవారిని చూసుకున్నవారు వారి గురించి ఒక్క వాక్యం రాస్తారు. రాయడం రాకపోతే చెబుతారు, ఇంకొకరు రాస్తారు. వ్యాధి పేరు రాయకూడదు, అది కేసు షీటులో ఉంటుంది. "ఉప్మాలో ఉల్లిపాయ ముక్కలు ఏరి వరసగా పళ్లెం అంచున పెట్టేవారు." "నన్ను చెల్లెలి పేరుతో పిలిచేవారు, నేను పలికేదాన్ని." "రైలు కూత వినబడితే టైము చెప్పేవారు." మొదట ఇది పిల్లల ఆటలా ఉందని ఒకరిద్దరు అన్నారు. ఇప్పుడు నేను మరిచిపోతే వారే వచ్చి బుక్కు అడుగుతున్నారు.

అరగంట కూర్చోవడం

శనివారం మధ్యాహ్నం డ్యూటీ అప్పగింతలు అయ్యాక అరగంట కూర్చుంటాం. టీ ఉంటుంది. నియమాలు మూడే. ఒకరు చెప్పేటప్పుడు మధ్యలో సలహా ఇవ్వకూడదు. ఇక్కడి మాట బయటికి పోకూడదు. ఇక్కడ చెప్పినదాన్ని బట్టి ఎవరికీ మెమో ఇవ్వకూడదు. మూడో నియమం నాకోసం పెట్టుకున్నాను. నేను కూడా కుర్చీ వదిలి వారితోపాటు బెంచీ మీదే కూర్చుంటాను.

చెప్పాలంటే మొదటి మూడు వారాలు ఎవరూ నోరు విప్పలేదు. టీ తాగి, బిస్కట్లు పిల్లలకు కొంగున కట్టుకుని వెళ్లిపోయారు. నాలుగో వారం నేను 1996 నాటి నీళ్ల సంగతి చెప్పాను. చాలాసేపటి తర్వాత ఒక ఆయా తలదించుకుని అడిగింది: "ఒంటినిండా పుళ్లతో ఉన్న ఆ పెద్దావిడ పోయినప్పుడు నాకు హమ్మయ్య అనిపించింది. పాపమా అమ్మగారూ?" ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకామె "నాకూ అనిపించింది" అంది. మూడో ఆమె కూడా. ఆ మనిషి తొమ్మిది నెలలుగా ఆ మాటను ఒంటరిగా మోస్తోంది. బాధ ఆగిపోయిందని కలిగిన ఊరటకూ, మనిషి పోవాలని కోరుకోవడానికీ తేడా ఉందని నేను చెప్పాను. నేను చెప్పినదానికంటే పక్కామె అన్న "నాకూ" అనే మాటే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

ఇలాంటి కూర్చోవడానికి కౌన్సెలింగు చదువు తప్పనిసరి కాదు. నోరు అదుపులో పెట్టుకోగల పెద్దమనిషి ఒకరు చాలు. అలాంటివారు అన్నిచోట్లా దొరకరన్నది వేరే సంగతి. పెద్ద కష్టం బయటపడితే మాత్రం చదువుకున్నవారి దగ్గరికి పంపాలి.

పై అధికారులకు, కమిటీవారికి

పైవన్నీ చేసి జీతం సమయానికి ఇవ్వకపోతే ఆ టీకి విలువ లేదు. సేవ అనే మాటను తక్కువ జీతానికి మూత పెట్టడానికి వాడుకోవడం మనందరికీ అలవాటైపోయింది. ఆశా పథకం 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైంది. వారిని ఉద్యోగులు అనకుండా స్వచ్ఛంద కార్యకర్తలు అన్నారు. కోవిడ్ కాలంలో ఇంటింటికీ తిరిగింది వారే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశా కార్యకర్తలకు అవార్డు ఇచ్చింది. సంతోషమే. అవార్డుతో ఇంటి అద్దె కట్టలేరు కదా. అదే 2022లో అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ సిబ్బంది జీతాల పెంపు, గ్రాట్యుటీ అడుగుతూ సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చోవలసి వచ్చింది. చంటిపిల్లలకు గుడ్లు వండిపెట్టే చేతులు ఎంత విసిగితే అంతదాకా వస్తాయో ఆలోచించండి.

మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మూడు రాత్రులకు మించి వరుసగా నైట్ డ్యూటీ వేయకపోవడం. వారపు సెలవును ఫోను చేసి లాక్కోకపోవడం. రోగి బంధువు ఆయా మీద చెయ్యి ఎత్తితే, అసభ్యంగా మాట్లాడితే "సర్దుకుపో" అనకుండా సంస్థ తరఫున నిలబడటం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీలో ఎవరున్నారో మీ ఆయాలకు తెలుసా? అడిగి చూడండి. నేను అడిగినప్పుడు మా వారిలో ఇద్దరికే తెలుసు. వారిద్దరూ కమిటీ సభ్యులే.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

పని వల్ల వచ్చిన అలసట నాలుగు రోజులు సెలవు ఇస్తే కొంతైనా తేలికపడుతుంది. సెలవులో ఉన్నా, ఇష్టమైన మనుషుల మధ్య ఉన్నా మనసు పైకి లేవకపోతే, రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం కొనసాగుతుంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి మంచి మందులు, చికిత్స ఉన్నాయి. చనిపోతే బాగుండును అనే మాట ఎవరి నోట వచ్చినా, నవ్వుతూ అన్నా సరే, ఆ రోజే పట్టించుకోండి. ఒంటరిగా వదలకండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినవాళ్లం అవుతామని భయపడవద్దు. అలా జరగదు. అడగడం వల్ల ఆ మనిషికి గుండె బరువు దించుకునే అవకాశం దొరుకుతుంది.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అనే ఉచిత ఫోను సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మేము ఈ నంబరును పెద్ద అక్షరాలతో రాసి డ్యూటీ రూములో నోటుబుక్కు పెట్టే అలమర తలుపుకు అంటించాం. ఆ గదిలో ల్యాండ్‌లైను ఉంది, తలుపుకు లోపలి గడియ ఉంది. ఎవరు ఎప్పుడు మాట్లాడారో మేము అడగం.